నీళ్ళ గిన్నె

ఆ వీడియో ఈ యేడు కూడా వచ్చింది. దీపావళి వెళ్ళి నాగుల చవితి దగ్గరపడిందంటే మా అత్తవారి వైపు వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు దాన్ని తవ్వి తీస్తారు. "అమెరికాలో నాగేంద్రుడి మహిమ" అని పైన రాసి ఉంటుంది. అద్దాల పెట్టెలో చుట్ట చుట్టుకున్న గోధుమరంగు పాము మెల్లగా తల చాపి, వెండి గిన్నెలో పాలు తాగుతుంది. చుట్టూ ఆడవాళ్ళ గొంతులు "నాగేంద్రా, నాగేంద్రా" అంటూ ఉంటాయి. వీడియో ఆగిపోయే ముందు వంటింట్లోంచి ఒక గొంతు వినిపిస్తుంది. "పెద్దమ్మగారూ, మీ టీలో పంచదార వెయ్యనా?"

ఆ గొంతు మనిషి ఈ యేడు శ్రమల దినాల్లో, ఈస్టర్ ఇంకా రాకముందే చనిపోయింది. ఆవిడ పోయాక ఆ వీడియో రావడం ఇదే మొదటిసారి. నేను ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నాను. చెయ్యి తిన్నగా ఉండక తెరిచాను. మ్యూట్ చెయ్యడం మరిచిపోయాను. పంచదార వెయ్యనా అన్న మాట టీమ్ మొత్తానికీ వినబడింది. సారీ అన్నాను. ఆ మాట కూడా ఆవిడదే.

అమెరికాలో మేముండే బాతెల్‌లో మా టౌన్‌హౌస్‌కీ ఆవిడదానికీ మధ్య గోడ ఒక్కటే. నర్సాపురం వైపు మనిషి. భర్త పోయి చాలా కాలమైంది. బయోటెక్ కంపెనీలో క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో పని, ఆదివారం మధ్యాహ్నం తెలుగు చర్చి. ఈ రెండు చోట్లా, ఇంకా మా వీధిలోనూ, ఆవిడ అందరికంటే ఎక్కువగా వాడిన మాట సారీ. కాలికి కుర్చీ తగిలితే కుర్చీకి చెప్పేది. వెనక కారువాడు హారన్ కొడితే, అద్దంలోంచి కనబడదని తెలిసి కూడా, చెయ్యెత్తి వాడికి చెప్పేది. తప్పు ఎవరిదైనా ముందు తన మీద వేసుకునేది, అసలు ఎవరిదో తర్వాత తీరిగ్గా ఆలోచిద్దామనుకునేది, ఆ ఆలోచించడం మరిచిపోయేది. పుట్టినప్పుడు మంత్రసానికి కూడా సారీ చెప్పి ఉంటారు ఆంటీ అని ఒకసారి ఏడిపించాను.

"చెప్పే ఉంటానమ్మా," అంది. "మా అమ్మ చాలా కష్టపడిందంట."

అలాంటి మనిషి ఇంట్లో పాము. కోరి తెచ్చుకున్నది కాదు. కూతురు హైస్కూల్లో ఉండగా గోల చేసి కొనిపించుకుంది. కుక్కయితే బయట తిప్పాలి, పిల్లి అయితే ఇల్లంతా వెంట్రుకలు, పామైతే ఏ గొడవా ఉండదని తల్లిని నమ్మించిందట. బాల్ పైథాన్ అంటారు. కొండచిలువ జాతే గానీ చిన్నది, విషం లేదు, భయం వేస్తే బంతిలా చుట్టుకుని తల లోపల దాచుకుంటుంది. కూతురు పెట్టిన పేరు నూడిల్. ఆవిడ పిలిచింది బుజ్జి అని. చదువైపోయి కూతురు న్యూజెర్సీకి ఉద్యోగానికి వెళ్తే, అక్కడి అపార్ట్‌మెంట్ వాళ్ళు పాముల్ని రానివ్వమన్నారు. బుజ్జి ఇక్కడే ఉండిపోయింది. ఇవి పాతికేళ్ళూ ముప్ఫయ్యేళ్ళూ బతుకుతాయన్న సంగతి ఆవిడకి అప్పుడు తెలిసింది.

మొదట్లో పెట్టె తలుపు తియ్యడానికి వంట చేసేటప్పుడు వాడే మందపాటి చేతి తొడుగులు వేసుకునేది. ఆ తర్వాత తొడుగులు పోయాయి. భయం పోయిన చోట బాధ్యత వచ్చి కూర్చుంది, దాని వెనకే అపరాధ భావం. పెట్టెలో ఒక పక్క వెచ్చగా, ఇంకో పక్క చల్లగా ఉండాలి. వేడి కాస్త తగ్గితే "చలేసి ఉంటుంది పాపం, సారీ రా" అనేది. గాలిలో తేమ తగ్గి కుబుసం ముక్కలుముక్కలుగా ఊడితే ఆ రోజంతా మొహం వేలాడేసుకునేది. పెట్టెకి మూడు వైపులా తన పాత నేత చీర కట్టింది. ముందుగదిలో ఆ వెలిసిపోయిన చీరేమిటని నేను నవ్వితే, నాలుగు వైపులా అద్దమైతే దానికి నడిబజార్లో కూర్చున్నట్టుంటుంది, సిగ్గుపడి అన్నం మానేస్తుంది అంది.

దానికి తిండి పెట్టడం ఆవిడకి పండగంత పని, పరీక్షంత దిగులు. చంపి గడ్డకట్టించిన ఎలుకలు అట్టపెట్టెలో పోస్టులో వస్తాయి. గరాజ్‌లో వాటికి వేరే చిన్న ఫ్రీజర్. దాని తలుపు మీద "దయచేసి తియ్యకండి, సారీ" అని కాగితం అంటించి ఉండేది. బతికున్న ఎలుకని వెయ్యొచ్చుగా అని చర్చి కుర్రవాళ్ళు ఉత్సాహపడేవారు. వేస్తే అది ఊరుకుంటుందా, ప్రాణం మీదికొస్తే పాము కన్ను పీకేస్తుంది అనేది. పైగా చూస్తూ చూస్తూ ప్రాణమున్నదాన్ని ఎలా వేస్తాం? ముందు రోజే ఎలుకని ఫ్రిజ్‌లోకి దించి, మర్నాడు కవర్లో పెట్టి వేడినీళ్ళలో ఉంచి, పైకి తీసి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టేది. చల్లగా ఉంటే బుజ్జి ముట్టదు. ఎలుకకి తల ఆరబెడుతున్న ఆవిడని మొదటిసారి చూసినప్పుడు నేను తలుపు దగ్గరే ఆగిపోయాను.

అప్పుడు పొడుగాటి పటకారుతో దాన్ని పట్టుకుని, పెట్టె ముందు నిలబడి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేది. భోజనానికి ముందు చేసే ప్రార్థనే. "ప్రభువా, దీన్ని ఇచ్చినందుకు వందనాలు. దీన్ని తీసుకున్నందుకు క్షమించు. ఆమేన్." తినేవాళ్ళు కదా ప్రార్థన చెయ్యాల్సింది అన్నాను. దానికి రాదు కదమ్మా, ఇంట్లో పెద్దదాన్ని నేనే అంది. ఆ పూట తను మాంసం ముట్టేది కాదు. మర్నాడు మాత్రం చేపల పులుసు చేసి నాకూ పంపేది. చేపకి ఎందుకు సారీ చెప్పరని నేను అడగలేదు. అడిగితే చేపలు కూడా మానేస్తుందని భయం.

తిన్నాక రెండు రోజులు బుజ్జిని ముట్టుకోకూడదు, కదిపితే కక్కేస్తుంది. ఆ రెండు రోజులూ ఇంట్లో తలుపులు కూడా మెల్లగా వేసేది. గోడ ఇవతల మా మిక్సీ మోగితే మెసేజ్ పెట్టేది, ముందు సారీ అని, తర్వాత సంగతి.

చర్చిలో ఒక పెద్దాయనకి ఇదంతా నచ్చలేదు. ఏదెను తోట నుంచి మొదలుపెట్టి సర్పం సంగతి చాలాసేపు చెప్పాడట. ఆవిడ అంతా విని, నిజమేనండి, సారీ అండి అని, చివర్న ఒక్క మాట అందట. నోవహు తన ఓడలో వీటికీ చోటిచ్చాడు కదండి, ఈ కాలం అపార్ట్‌మెంట్ల వాళ్ళే ఇవ్వట్లేదు. ఆయన ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు. ఎత్తనివ్వకుండా చేసినందుకు ఆవిడ వారంపాటు బాధపడింది.

మన హిందువులకి ఉన్న బాధ వేరు. ఇంటికి ఎవరొచ్చినా పెట్టె ముందు నిలబడి మొదట అడిగేది ఒకటే, పాలు పోస్తారా అని. ఆవిడ ఓపిగ్గా చెప్పేది, పాలు తాగదమ్మా, అరగవు, జబ్బు చేస్తుంది, నీళ్ళు తాగుతుంది అని. చెప్పి, పెట్టెలో ఉన్న తెల్ల పింగాణీ గిన్నె చూపించేది. అది ఎప్పుడూ నిండుగా ఉండేది.

మూడేళ్ళ కిందట మా అత్తగారు మా దగ్గర ఉండడానికి వచ్చారు. కాఫీపొడి డబ్బాలు మోసుకుని మరీ వచ్చారు. టీ ఆవిడ ముట్టరు, టీ అంటే జ్వరం తగిలినవాళ్ళ పథ్యం ఆవిడ దృష్టిలో. నాగుల చవితి వస్తోంది. బాతెల్‌లో వాన తప్ప పుట్ట ఎక్కడ? ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఒక్క యేడూ పుట్టలో పాలు పొయ్యకుండా లేరు. ఇక్కడ గుళ్ళో వెండి పడగ ముందు లైన్లో నిలబడి చెంచాడు పాలు పోసి రావడం ఆవిడకి మనస్కరించలేదు. అలాంటప్పుడు గోడ అవతల నిజం పాము ఉందని తెలిసింది. పడగ లేదేం అన్నారు చూసి. తర్వాత, దేశాన్ని బట్టి ఉంటుందిలే అని తనే సర్దుకున్నారు.

నేను వెళ్ళి ఆంటీని అడిగాను. కాదనడం చేతకాని మనిషి అని తెలిసే అడిగాను. చాలాసేపు పెట్టె వైపు చూసి, సరే అంది. పాలూ పళ్ళూ పెట్టె బయట పెట్టుకోవాలి. అగరొత్తులు వద్దు, పొగ దాని ఊపిరికి మంచిది కాదు. లోపల ఏమీ పెట్టొద్దు. అన్నీ చెప్పి, ఇన్ని షరతులు పెడుతున్నందుకు సారీ అంది.

అక్కడితో ఆగలేదు. ఎవరైనా భక్తికొద్దీ నీళ్ళ గిన్నెలో పాలు పోస్తారేమోనని, ముందు రోజే ఆ తెల్ల గిన్నె బయటికి తీసేసింది. తీసి, ఇంటికి అంతమంది వస్తున్నారన్న హడావిడిలో మరిచిపోయింది. హీటర్ నడుస్తున్న పెట్టెలో బుజ్జి రాత్రీ పగలూ నీళ్ళు లేకుండా ఉంది.

చవితి నాడు పట్టుచీరల్లో ఏడెనిమిది మందిమి వెళ్ళాం. ఒక క్రైస్తవుల ఇంట్లో గోడ మీద శిలువ, కింద పాముపెట్టె ముందు చలిమిడి, చిమ్మిలి, అరటిపళ్ళు. ఆవిడ అందరికీ చెప్పులు విప్పడానికి చోటు చూపించింది, చోటు చిన్నదైనందుకు సారీ చెప్పింది. అత్తగారు దణ్ణం పెట్టుకుని, ఆవిడ వైపు తిరిగి, కాస్త టీ ఏమైనా పెడతారా అమ్మా అన్నారు. అయ్యో, అడగనే లేదు నేను, సారీ అండి అంటూ ఆవిడ వంటింట్లోకి పరిగెత్తింది.

అత్తగారు పెట్టె తలుపు జరిపి, వెండి గిన్నెలో పాలు లోపల పెట్టారు. ఎవరూ వద్దనలేదు. నేను ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాను. బుజ్జి మొదట కదల్లేదు. తర్వాత తల చాపింది, నాలుకతో వాసన చూసింది, మూతి ముంచి గుటకలు వెయ్యడం మొదలుపెట్టింది. అత్తగారు ఏడ్చేశారు. ఆంటీ టీ ట్రే పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి గిన్నె సగం ఖాళీ అయింది.

ఆ మొహం నాకు గుర్తుంది. ఏమంటుందోనని చూశాను. అత్తగారి కళ్ళు చూసింది, ట్రే బల్ల మీద పెట్టి "సంతోషమమ్మా" అంది. అందరికీ కప్పులు అందించింది. అత్తగారి కప్పు అలాగే చల్లారిపోయింది.

అందరూ వెళ్ళాక నేను ఆగాను. ఆవిడ వెండి గిన్నె తీసి కడిగి నా చేతికిచ్చి, తెల్ల గిన్నె నిండా నీళ్ళు పోసి పెట్టెలో పెట్టింది. బుజ్జి మళ్ళీ తాగింది. చాలాసేపు తాగింది. ఆవిడ నేల మీద చతికిలబడింది.

"దాహమేసి తాగిందమ్మా. పాలని తెలీదు దానికి, తడి అని తాగింది. నీళ్ళు తీసేసింది నేనే."

అత్తయ్యకి చెప్తాను అన్నాను. వద్దంది. "పెద్దావిడ ఎంత సంబరపడ్డారు, చూశావుగా. ఆవిడకి చెప్పకు. నువ్వు చెప్పావంటే నా మీద ఒట్టే."

నేను చెప్పలేదు. అంతకంటే ఘనకార్యం చేశాను, అప్పటికే వీడియో గ్రూపులో పెట్టేశాను. దాన్ని తీసెయ్యమని ఆవిడ అడగలేదు, నాకూ తోచలేదు. అందరూ మెచ్చుకుంటుంటే తోచదు.

బుజ్జికి జబ్బు చేసింది. తిన్నది కక్కింది, కడుపు పాడైంది, ఆ తర్వాత తిండి ముట్టలేదు. పాముల్ని చూసే డాక్టర్ దూరంగా ఇంకో ఊళ్ళో ఉన్నాడు. ఆవిడ సెలవులు పెట్టి, వేడినీళ్ళ సీసా తువాల్లో చుట్టి పెట్టె పక్కన పెట్టుకుని, వానలో డ్రైవ్ చేసుకుంటూ తీసుకెళ్ళేది. క్రిస్మస్ కేరల్స్ వాళ్ళు ఇంటికొస్తే, పాట మెల్లగా పాడండమ్మా, సారీ అందట. కొత్త సంవత్సరం వచ్చాక ఒక రోజు పొద్దున్నే గోడ మీద కొట్టింది. తింది, తింది అని. నేను నైటీలోనే వెళ్ళాను. ఆవిడ పటకారు పట్టుకునే ఏడుస్తోంది, నవ్వుతోంది. ఆ రోజు కూడా నాకే చెప్పింది సారీ, పొద్దున్నే లేపినందుకు.

తర్వాత క్యాన్సర్ వచ్చింది ఆవిడకి. హాస్పిటల్లో ఉన్నన్నాళ్ళూ బుజ్జికి నేనే తిండి పెట్టాను, ఆవిడ వీడియో కాల్‌లో చూస్తూ ఉండేది. చెయ్యి వణకనివ్వకు, ఎలుక తల దానివైపు ఉండాలి అనేది. చివరిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

"బుజ్జిని నీకు అంటగడుతున్నాను. సారీ అమ్మా."

నేనైనా ఆ పూట ఏదో ఒకటి అనాల్సింది. మీరు కాదు, మేమే అనాలి అని. దిగులుగా ఉన్న మనిషి దగ్గర పాత సంగతులెందుకని ఊరుకున్నాను. అది సాకు. నిజానికి నాకు నోరు రాలేదు.

ఇల్లు అమ్మేదాకా కూతురు ఇక్కడినుంచే పనిచేసింది. ఎండాకాలం చివర పెట్టె, ఫ్రీజర్, పటకారు, అన్నీ మా ఇంటికి చేర్చింది. "మమ్మీ మీకే ఇవ్వమంది ఆంటీ. మీకు ఓకే కాదు అంటే చెప్పండి, రెస్క్యూ వాళ్ళకి కాల్ చేస్తా," అంది. ఓకే అన్నాను. కిటికీ పక్కన బాగా వెలుతురున్న చోట పెట్టాను. వెలిసిన చీర మా సోఫాలకి నప్పలేదు, ఉతికి మడతపెట్టి అలమరలో దాచాను. దాచాను అంటే గౌరవంగా ఉందిగా.

అప్పటినుంచి బుజ్జి తినలేదు. ఇవి నెలలకొద్దీ ఉపవాసం ఉంటాయని తెలుసు. తెలిసినా ఏం లాభం? ఎలుకని వెచ్చచేసి, చూపించి, అది తల తిప్పుకుంటే, చెత్తలో పారేస్తున్నాను. తీసుకున్నందుకు క్షమించు అని ఆవిడ అనేది కనీసం ఒక ప్రాణం నిలబడుతున్నందుకు. నేను పారేసినదానికి ఏమనాలో తెలియదు. నడుం దగ్గర దాని వెన్నెముక కొద్దిగా తేలుతున్నట్టు అనిపించేది. ఆవిడ నమ్మి అప్పగించినదాన్ని నేను చంపుతున్నానన్న భయం రోజూ పొద్దున్నే నాతోబాటు లేచేది.

ఆ వీడియో వచ్చిన సాయంత్రమే, హైదరాబాదులో మా మరిది ఇంట్లో ఉన్న అత్తగారు వీడియో కాల్ చేశారు. అక్కడ చవితి తెల్లవారింది. బుజ్జి మా ఇంట్లోనే ఉందని ఆవిడకి తెలుసు. పాలు పొయ్యమంటారనుకున్నాను. ఏం చెప్పి తప్పించుకోవాలా అని చూస్తూనే ఫోన్ పెట్టె వైపు తిప్పాను.

"నీళ్ళ గిన్నె ఏదమ్మా?" అన్నారు.

దగ్గరగా చూపించాను. నిండుగా ఉంది. తర్వాత, అప్పుడు దాని చుట్టూ పాత చీరొకటి కట్టి ఉండేది కదా, అలా వెలుగులో కూర్చోబెట్టావేం అన్నారు.

"ఆవిడ నాకు ఫోన్ చేసింది, తెలుసా," అన్నారు. "నేను ఇక్కడికి తిరిగొచ్చేసిన నెలలోనే. మీ పాలు కోరి తాగలేదండి అది, నేను నీళ్ళు తీసేశాను, అందుకే తాగింది, అది మహిమ అనుకున్నారు, మిమ్మల్ని మోసం చేసినట్టయింది, సారీ అండి అంది. నాకు చెప్పుకుంది ఆ మహాతల్లి."

మీరేమన్నారత్తయ్యా అని అడిగాను.

"పర్వాలేదమ్మా అన్నాను. పెద్దరికంగా, క్షమించినట్టు." అత్తగారు పైటకొంగు మూతికి అడ్డం పెట్టుకున్నారు. "లోపల పెట్టొద్దని చెప్తే వినబడక పెట్టానా నేను? ఆ వీడియోలో ఆవిడ నన్ను పంచదార వెయ్యనా అని అడుగుతుంది చూడు, ప్రతి యేడూ అడుగుతుంది. నేను టీ తాగనని నీకు తెలుసు కదా."

"తెలుసత్తయ్యా."

ఆ రోజు కూడా తెలుసు. ఆవిడ వంటింట్లోకి పరిగెత్తుతుంటే, అత్తయ్య టీ తాగరు ఆంటీ అని ఒక్క మాట అనడానికి నాకు చాలినంత టైమ్ ఉంది. నేను కెమెరా తెరుచుకుంటున్నాను.

మర్నాడు అత్తగారు గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టారు. ఆ వీడియో ఇంక ఎవరూ పంపకండి, అందులో మహిమేం లేదు, దాహంతో తాగింది, ఇంటావిడ వద్దన్నా పాలు పెట్టింది నేను, దానికి జబ్బు చేసిందట, ఆవిడ ఇప్పుడు లేదు అని. దాని కింద వరసగా దణ్ణం పెట్టే చేతుల బొమ్మలు వచ్చాయి. ఒకరు నాగేంద్రాయ నమః అని కూడా రాశారు. ఆంటీ ఉండి ఉంటే వాళ్ళందరికీ పేరుపేరునా ఫోన్ చేసి, పండగపూట మనసు కష్టపెట్టినందుకు సారీ చెప్పేది.

పెట్టెని కిటికీ దగ్గర్నుంచి జరిపి, మూడు వైపులా ఆ చీర కట్టాను. శనివారం ఎలుకని వెచ్చచేసి, తల ఆరబెట్టి, పటకారుతో పట్టుకున్నాను. నాకు ప్రార్థనలు రావు. ఆవిడ మాటలే అన్నాను, ఇచ్చినందుకు, తీసుకున్నందుకు. ఆమేన్ దగ్గర ఆగి, సారీ ఆంటీ అన్నాను, మూడేళ్ళు ఆలస్యంగా, ఒక పాము ముందు. బుజ్జి చీర నీడలోంచి తల బయటపెట్టింది, నాలుక ఆడించింది, చాలాసేపు చూసింది, అందుకుంది.

వీడియో తియ్యలేదు. ఫోన్ వంటింట్లోనే వదిలేసి వచ్చాను. అది పూర్తిగా మింగేదాకా నేల మీద కూర్చుని, తర్వాత చప్పుడు కాకుండా గిన్నె తీసి, కడిగి, నీళ్ళు నింపి పెట్టాను.